టేబుల్ మీద కదలకుండా ఉన్న ఛార్జ్ రేడియేట్ చేస్తుందా? ఫ్రేమ్ మారితే జవాబు మారుతుందా?

విశాఖ ఎమ్మెస్సీ:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో ఎలక్ట్రోడైనమిక్స్ టాపిక్ నాది. లార్మర్ ఫార్ములా దాకా బాగానే తయారయ్యాను. త్వరణంలో ఉన్న ఛార్జ్ శక్తిని రేడియేట్ చేస్తుంది, ఆ పవర్ ఛార్జ్ వర్గానికీ త్వరణం వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. డెరివేషన్ చూడకుండా రాయగలను.

హాస్టల్లో ప్రాక్టీస్ చేస్తుంటే మా రూమ్మేట్ (తనది మ్యాథ్స్) వింటూ ఒక్క మాట అడిగింది: "ఎవరు చూస్తే త్వరణం?" అక్కడ ఆగిపోయాను.

నా ఇబ్బంది ఇదీ. టేబుల్ మీద ఒక ఛార్జ్ చేసిన గోళీ ఉందనుకుందాం. నాకది నిశ్చలంగా ఉంది, చుట్టూ స్థిర విద్యుత్ క్షేత్రం తప్ప ఏమీ లేదు. కానీ తుల్యతా సూత్రం ప్రకారం, భూమి మీద నిలబడటమూ, రాకెట్‌లో సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పైకి త్వరణంతో వెళ్లడమూ ఒకటే. రాకెట్‌లో ఉన్న ఛార్జ్ రేడియేట్ చేస్తుందంటే టేబుల్ మీద ఉన్నదీ చెయ్యాలి కదా? చేస్తే ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? అదే గోళీని జారవిడిస్తే తుల్యతా సూత్రం ప్రకారం అది స్వేచ్ఛగా, త్వరణం లేకుండా ఉన్నట్టు. అప్పుడు రేడియేషన్ ఉండకూడదు. మామూలు బుద్ధికి తోచేదానికి ఇది సరిగ్గా తలకిందులు.

మా గైడ్‌ని అడిగితే "సిలబస్‌లో లేదు, వదిలెయ్" అన్నారు. వదల్లేకపోతున్నాను. సెమినార్‌లో ఎవరైనా ఇదే అడుగుతారేమోనని టెన్షన్‌గా కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నెట్ ప్రిపరేషన్:

దీనికి సింపుల్ జవాబు ఉందండీ. త్వరణం స్థిరంగా ఉంటే రేడియేషన్ ఉండదు. త్వరణం మారుతుంటేనే ఉంటుంది. రేడియేషన్ రియాక్షన్ బలం (రేడియేట్ చేసినందుకు ఛార్జ్ మీద తిరిగి పడే బలం) త్వరణం మారే రేటు మీదే ఆధారపడుతుంది కాబట్టి, స్థిర త్వరణానికి అది సున్నా. బలం సున్నా అంటే శక్తి పోవడం లేదనే కదా అర్థం. భౌతిక శాస్త్రవేత్త పౌలీ కూడా ఇదే చెప్పాడని ఒక నోట్స్‌లో చదివాను. కాబట్టి రాకెట్‌లోదీ రేడియేట్ చెయ్యదు, టేబుల్ మీదదీ చెయ్యదు. గొడవే లేదు.

తెనాలి ఫిజిక్స్ మాస్టారు:

అమ్మా, మీ రూమ్మేట్ అడిగింది చిన్న ప్రశ్న కాదు. స్థిర త్వరణంలో ఉన్న ఛార్జ్ క్షేత్రం ఎలా ఉంటుందో మాక్స్ బోర్న్ 1909లో లెక్క కట్టాడు. అప్పటి నుంచి దీని మీద పెద్దపెద్దవాళ్లు రెండు పక్షాలుగా వాదించుకున్నారు. నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ ఎవరో ఒకరు లేచి ఈ ప్రశ్న అడిగితే బాగుండని ఎదురుచూసేవాణ్ణి. పాఠం నిజంగా ఒంటబట్టినవాళ్లకే ఈ అనుమానం వస్తుంది. సిలబస్ సంగతి పక్కన పెట్టి కూర్చో, కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు సులువైన భాగం. త్వరణం లేకుండా, ఒకదానికొకటి స్థిర వేగంతో కదిలే ఫ్రేముల (చూసేవాళ్ల కొలత చట్రాల, వీటినే జడత్వ ఫ్రేములంటాం) మధ్య అసలు తగువే లేదు. ఒక జడత్వ ఫ్రేములో త్వరణం ఉంటే ఇంకో జడత్వ ఫ్రేములోనూ ఉంటుంది. కాంతి రంగు మారవచ్చు, అది పోయే దిశ మారవచ్చు, కానీ రేడియేషన్ ఉందా లేదా అన్నది మారదు. ఆ మాటకొస్తే మొత్తం పవర్ కూడా మారదు. ఛార్జ్ ఆ క్షణంలో నిశ్చలంగా కనిపించే ఫ్రేములో రేడియేషన్ ఎదురెదురు దిశల్లో సమానంగా పోతుంది కాబట్టి మోసుకుపోయే ద్రవ్యవేగం మొత్తం మీద సున్నా. అందుకని వేరే ఫ్రేములోకి మారితే శక్తీ, కాలమూ రెండూ ఒకే గామాతో (వేగాన్ని బట్టి సాపేక్షత ఇచ్చే గుణకం) పెరుగుతాయి, వాటి నిష్పత్తి అలాగే ఉంటుంది. సెమినార్‌లో ఇది ముందే చెప్పేస్తే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

తగువంతా చూసేవాడే త్వరణంలో ఉన్నప్పుడు. దానికి ముందు రేడియేషన్ అంటే ఏమిటో గట్టిగా పట్టుకోవాలి. ఛార్జ్ చుట్టూ ఉన్న క్షేత్రంలో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి దూరం వర్గంతో తగ్గేది, అది ఛార్జ్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. రెండోది త్వరణం వల్ల వచ్చేది, దూరంతో మాత్రమే తగ్గుతుంది. ఎంత పెద్ద గోళం గీసినా దాన్ని దాటి పోయే శక్తి తగ్గకుండా ఉండేది ఈ రెండో ముక్క వల్లే. దాన్నే రేడియేషన్ అంటాం. అంటే ఛార్జ్ పక్కన నిలబడి "ఇదిగో రేడియేషన్" అని వేలు పెట్టి చూపించలేం. దూరం వెళ్లి చూడాల్సిందే.

ఎంత దూరం? రెండు ముక్కలూ ఎక్కడ సమానం అవుతాయో లెక్క వెయ్యి. కాంతి వేగం వర్గాన్ని త్వరణంతో భాగిస్తే ఆ దూరం వస్తుంది. మీ గోళీకి త్వరణం 9.8. జవాబు సుమారు 9.2×10¹⁵ మీటర్లు. కాంతి సంవత్సరంలో 0.97 వంతు! ఈ ఒక్క సంఖ్యని బోర్డు మీద రాసి కాసేపు అలాగే ఉంచు. భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు. గురుత్వం ఒకే తీరుగా ఉందనుకోవడానికి మనకు దొరికేది ఒక గది, మహా అయితే ఒక ఊరు. తుల్యతా సూత్రం పనిచేసేది ఆ మేరకే. కాంతి సంవత్సరం దూరం వెళ్తే తప్ప తేలని విషయాన్ని గదిలో మాత్రమే చెల్లే సూత్రంతో తేల్చబోయాం. నీ ప్రశ్నలో ముడి పడింది అక్కడే.

కాబట్టి నిజమైన భూమి మీద ఉన్న నిజమైన గోళీ సంగతి తేలిక. భూమీ స్థిరంగా ఉంది, గోళీ దాని మీద స్థిరంగా ఉంది, క్షేత్రమూ స్థిరం. అనంత దూరంలో ఎంత పెద్ద గోళం గీసినా దాన్ని దాటి శక్తి పోదు. రేడియేషన్ లేదు. పక్కన లిఫ్టు తెగి కిందకు పడుతున్న మనిషికి ఆ గోళీ పైకి త్వరణంతో పోతున్నట్టు కనిపిస్తుంది. అతనికి కొంచెం అయస్కాంత క్షేత్రం, కొంచెం శక్తి ప్రవాహం కనిపిస్తాయి కూడా. అది దగ్గరి క్షేత్రంలో శక్తి అటూ ఇటూ సర్దుకోవడం, అంతే.

ఇక రాకెట్. ఇదే అసలు రుచి ఉన్న భాగం. ఖాళీ అంతరిక్షంలో, ఎప్పటికీ ఒకే త్వరణంతో పోయే రాకెట్ అనుకో. బయట తేలుతున్న జడత్వ పరిశీలకుడు లార్మర్ చెప్పినంత రేడియేషన్ ఉందంటాడు. అతను చెప్పేది సరైనదే. రాకెట్‌లో కూర్చున్నవాడు ఏమీ లేదంటాడు. అతను చెప్పేదీ సరైనదే. ఎందుకంటే అతని కొలతల్లో అయస్కాంత క్షేత్రం అంతటా సున్నా, కాబట్టి శక్తి ప్రవాహం సున్నా.

ఇద్దరి మాటా ఎలా నిలబడుతుంది? త్వరణంలో ఉన్నవాడికి కింద వైపు ఒక హద్దు ఉంటుంది, రిండ్లర్ హొరైజన్ అంటారు. దాని అవతలి నుంచి ఏ కబురూ అతన్ని ఎప్పటికీ చేరదు. ఆ హద్దు ఎంత దూరంలో ఉందో తెలుసా? అదే 9.2×10¹⁵ మీటర్లు. ఇప్పుడు ఛార్జ్ నుంచి బయలుదేరిన కాంతి కిరణాలను ఒక్కొక్కటిగా వెంబడించు. పక్కకు పోయేవి, ఏటవాలుగా పోయేవి, అన్నీ ఎప్పటికో ఒకప్పటికి ఆ హద్దు దాటి పడిపోతాయి. దాటకుండా మిగిలేది రాకెట్ పోయే దిశలో నిటారుగా పైకి వెళ్లే కిరణం ఒక్కటే. లార్మర్ నమూనాలో త్వరణం దిశలో తీవ్రత ఎంత? సున్నా! చూశావా ఎంత కచ్చితంగా కుదిరిందో. బయటివాడు చెప్పే రేడియేషన్ యావత్తూ రాకెట్ మనిషి ఎన్నటికీ చూడలేని వైపుకే పోతుంది. దీన్ని 1980లో డేవిడ్ బౌల్వేర్ శుభ్రంగా నిరూపించాడు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన పేపర్ అదే.

నెట్ ప్రిపరేషన్ బాబూ, నువ్వు చదివిన నోట్స్‌లో పౌలీ గురించి రాసింది నిజమే. సాపేక్షత మీద 1921లో అచ్చయిన పెద్ద వ్యాసంలో అతను అలాగే వాదించాడు. ఛార్జ్ క్షణకాలం ఆగే ఫ్రేములో, సరిగ్గా ఆ క్షణాన అయస్కాంత క్షేత్రం అంతటా సున్నా కాబట్టి తరంగాలు లేవన్నాడు. సున్నా అన్నది నిజం. కానీ ఒకే క్షణంలో దూరదూరాలకు వెళ్లి చూస్తే ఒక్కో దూరానికి ఛార్జ్ ఒక్కో పాత కాలంలో వదిలినది కనిపిస్తుంది. అన్నీ కలగలిసిపోతాయి. చెయ్యాల్సింది వేరు. ఛార్జ్ ఏ క్షణంలో వదిలిందో ఆ క్షణాన్ని పట్టుకుని, అప్పుడు బయలుదేరిన కాంతి గోళంతో పాటే బయటికి ప్రయాణించాలి. అలా చూస్తే లార్మర్ పవర్ పూర్తిగా వస్తుంది. 1960లో ఫుల్టన్, రోర్లిక్ ఇద్దరూ కలిసి రాసిన పేపర్‌లో ఇది వివరంగా ఉంది. రియాక్షన్ బలం సున్నా అయినా శక్తి ఎలా పోతుందన్నది వేరే సంగతి. అదీ చెబుతాను, ముందు ఈ అమ్మాయికి ఇక్కడిదాకా అర్థమైందో లేదో చూద్దాం.

విశాఖ ఎమ్మెస్సీ:

సార్, చాలా థాంక్సండీ. నిటారుగా పైకి పోయే కిరణం దగ్గర సున్నా వస్తుందన్నది చదివాక కాగితం తీసుకుని బొమ్మ గీసుకుని చూశాను. నిజంగా కుదిరింది. మా రూమ్మేట్ కూడా కూర్చుని గీసింది.

ఇంకా రెండు మిగిలాయి. ఒకటి, జారవిడిచిన గోళీ. లేదా భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహంలో ఉన్న ఛార్జ్. అది స్వేచ్ఛా పతనమే కదా, మరి రేడియేట్ చేస్తుందా? రెండు, మీరు ఆపిన శక్తి లెక్క.

ఇంకో చిన్న సందేహం కూడా ఉందండీ. పవర్ అన్ని జడత్వ ఫ్రేముల్లోనూ ఒకటే అన్నారు. దీన్ని ఎక్కడైనా నిజంగా కొలిచి చూశారా? సెమినార్‌లో ఒక ఉదాహరణ చూపిస్తే బాగుంటుందని.

బీమ్‌లైన్ యూజర్:

మూడోదానికి నేను చెబుతాను. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మెటీరియల్స్ వైపు. శాంపిల్స్ పట్టుకుని ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కి (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి కాంతిని పుట్టించే యంత్రం) వెళ్తుంటాను. మాస్టారు చెప్పిన లెక్క అక్కడ రోజూ నడుస్తుంది.

అక్కడ ఎలక్ట్రాన్ల శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే గామా సుమారు 4,890. వంచే అయస్కాంతాల్లో వాటి దారి వ్యాసార్ధం 5.55 మీటర్లు. ల్యాబ్ ఫ్రేములో త్వరణం అంటే కాంతి వేగం వర్గాన్ని ఆ వ్యాసార్ధంతో భాగించడమే, సెకనుకు సెకనుకు 1.6×10¹⁶ మీటర్లు వస్తుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్ ఆ క్షణంలో ఆగి ఉన్న జడత్వ ఫ్రేములోకి వెళ్లండి. అక్కడ త్వరణం గామా వర్గం రెట్లు పెరిగి 3.9×10²³ అవుతుంది. దీన్ని మామూలు లార్మర్ ఫార్ములాలో పెడితే 8.6×10⁻⁷ వాట్లు. సాపేక్షత సవరణలేమీ లేవు, మన డిగ్రీ ఫార్ములానే.

పవర్ మారదు కాబట్టి అదే సంఖ్యని ల్యాబ్‌లోకి తెచ్చి, ఒక చుట్టులో ఎలక్ట్రాన్ అయస్కాంతాల్లో గడిపే సమయంతో (సుమారు 0.116 మైక్రో సెకన్లు) గుణించండి. 623 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. ఇండస్-2లో ఒక ఎలక్ట్రాన్ ఒక చుట్టుకి కోల్పోయేది సరిగ్గా అంతే. ఆ నష్టాన్ని ప్రతి చుట్టులోనూ ఆర్‌ఎఫ్ క్యావిటీలు (రేడియో తరంగాలతో ఎలక్ట్రాన్లకు శక్తినిచ్చే లోహపు గదులు) తిరిగి నింపకపోతే బీమ్ నిలవదు. 100 మిల్లీ ఆంపియర్ల కరెంట్ నిల్వ ఉంటే కాంతి రూపంలో పోయేది 62 కిలోవాట్లు.

రంగు ఎలా మారుతుందో చూడాలంటే అండ్యులేటర్ తీసుకోండి. అయస్కాంతాలు ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి వరసగా పేర్చి ఉంటాయి. పునరావృత దూరం 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఎలక్ట్రాన్‌కి అది కుదించుకుపోయి 10 మైక్రాన్లుగా కనిపిస్తుంది. దాని ఫ్రేములో అది మామూలు యాంటెన్నాలా ఊగుతూ 10 మైక్రాన్ల పరారుణ కాంతిని వదులుతుంది. ల్యాబ్‌లో మన వైపు దూసుకొస్తోంది కాబట్టి డాప్లర్ వల్ల తరంగదైర్ఘ్యం సుమారు 9,800 రెట్లు తగ్గి 1 నానోమీటరు దగ్గరికి వస్తుంది (అయస్కాంతాలు బలహీనంగా ఉన్నప్పుడు). అక్కడ పరారుణం, ఇక్కడ మెత్తని ఎక్స్ రే. అదే ఫోటాన్.

శాంపిల్ బిగించి, హచ్ (శాంపిల్ మీద ఎక్స్ రే పడే మూసిన గది) లోపల ఎవరూ లేరని మూలమూలా చూసుకుని, తలుపు ఇంటర్‌లాక్ పడ్డాకే షట్టర్ తెరవనిస్తారు. షట్టర్ తెరుచుకోగానే డిటెక్టర్ మీద కౌంట్స్ ఒక్కసారి లేస్తాయి. ఫ్రేమ్ ట్రాన్స్‌ఫర్మేషన్లు కాగితం మీది వ్యవహారం అనుకునేవాళ్లకి ఆ స్క్రీన్ చూపించాలని ఉంటుంది నాకు.

మొదటిసారి ఈ కాంతిని కంటితో చూసింది 24 ఏప్రిల్ 1947న, అమెరికాలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో. 70 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యంత్రం అది. దాని గొట్టం గాజుది కావడం వల్ల వెలుగు బయటికి కనిపించింది. కాంక్రీటు గోడ చాటు నుంచి టెక్నీషియన్ అద్దం పెట్టి చూశాడు. ఇది స్లైడ్‌లో పెట్టండి, అందరూ వింటారు.

తెనాలి ఫిజిక్స్ మాస్టారు:

బీమ్‌లైన్ బాబూ, ఎంత చక్కగా చెప్పావు! 8.6×10⁻⁷ నుంచి 623కి వచ్చే ఆ రెండు లైన్ల లెక్క ప్రతి ఎలక్ట్రోడైనమిక్స్ క్లాసులోనూ చేయించాలి.

ఇప్పుడు అమ్మాయి అడిగిన మిగతా రెండూ.

ఉపగ్రహంలో ఛార్జ్ గురించి. అది రేడియేట్ చేస్తుంది. ఎలా అంటావా? ఛార్జ్ అంటే ఆ చుక్క ఒక్కటే కాదు, దాని క్షేత్రం దిగంతాల దాకా పరుచుకుని ఉంటుంది. చుక్క వరకు స్వేచ్ఛా పతనమే. కానీ దూరంగా ఉన్న క్షేత్రం వేరే గురుత్వంలో, వేరే వంపులో ఉంది. చుక్కతో పాటు కలిసి పడిపోవడం దానికి కుదరదు. ఆ లాగుడు తిరిగి చుక్కకి తగులుతుంది. బ్రైస్ డివిట్, బ్రెమీ 1960లో దీని సమీకరణం రాశారు. 1964లో సెసిల్ డివిట్, బ్రైస్ డివిట్ దంపతులు బలహీన గురుత్వంలో మెల్లగా కదిలే ఛార్జ్‌కి లెక్క వేస్తే, అచ్చంగా మామూలు రేడియేషన్ నష్టమే వచ్చింది.

మరి ఉపగ్రహంలో దాని పక్కనే తేలుతున్న వ్యోమగామికి? అతనికి ఏమీ కనిపించదు, కనిపించకపోవడమే సరైనది. కింది కక్ష్యలో ఒక చుట్టుకి సుమారు 92 నిమిషాలు. ఆ వేళకి కాంతి పోయే దూరమే తరంగదైర్ఘ్యం, సుమారు 166 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి శని గ్రహానికి ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఉపగ్రహం గదిలో కూర్చుని అంత పొడుగు తరంగాన్ని ఎవరు పట్టగలరు? తుల్యతా సూత్రం గది లోపల చెక్కుచెదరలేదు, లార్మర్ సూత్రం బయట చెక్కుచెదరలేదు. జారవిడిచిన గోళీకీ ఇదే మాట.

పరిమాణం కూడా చెప్పు, లేకపోతే వినేవాళ్లు ప్రయోగం చేద్దామంటారు. 9.8 త్వరణంలో ఒక ఎలక్ట్రాన్ రేడియేట్ చేసేది 5.5×10⁻⁵² వాట్లు. ఒక కూలుంబ్ ఛార్జ్ పెట్టినా 2×10⁻¹⁴ వాట్లే. ఇండస్ ఎలక్ట్రాన్‌కీ దీనికీ 45 సున్నాల తేడా.

శక్తి లెక్క. స్థిర త్వరణంలో రియాక్షన్ బలం సున్నా, రేడియేషన్ మాత్రం పోతూనే ఉంది. అయితే ఎవరి జేబులోంచి? ఛార్జ్‌ని అంటిపెట్టుకున్న దగ్గరి క్షేత్రంలో ఒక శక్తి ఉంటుంది. షాట్ అనే ఆయన వందేళ్ల కిందటే దాన్ని గుర్తించాడు, అందుకే షాట్ శక్తి అంటారు. అది ఛార్జ్ వేగం మీదా, త్వరణం మీదా ఆధారపడుతుంది. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ లాంటిది అనుకో. త్వరణం నిలకడగా ఉన్నంతసేపూ రేడియేషన్ ఖర్చంతా ఆ ఖాతాలోంచి పోతూ ఉంటుంది, బాకీ పెరుగుతూ ఉంటుంది. త్వరణం మొదలైనప్పుడూ ఆగినప్పుడూ రియాక్షన్ బలం సున్నా కాదు. ఆ రెండు చివర్లలో రాకెట్ ఇంజను అదనపు పని చేసి బాకీ కడుతుంది. అందుకే "ఎప్పటికీ స్థిర త్వరణం" అన్న ఊహతో శక్తి లెక్క వేస్తే అయోమయం తప్పదు. మొదలూ చివరా పెట్టి వెయ్యి, పైసాతో సహా సరిపోతుంది. నెట్ ప్రిపరేషన్ బాబు అడిగినదానికి జవాబు కూడా ఇదే.

సెమినార్ వరస నా మాటగా ఇలా పెట్టుకో. ముందు ఇండస్ లెక్క. తర్వాత 0.97 కాంతి సంవత్సరం. ఆ తర్వాత హద్దు బొమ్మ, కిరణాలతో. షాట్ శక్తిని ప్రశ్నల కోసం దాచుకో.

టైం మిగిలితే ఒక్క మాట క్వాంటం వైపు నుంచి చెప్పవచ్చు. బయటివాడు ఫోటాన్లు వస్తున్నాయంటుంటే రాకెట్ మనిషి లేవంటాడు కదా, ఫోటాన్ల లెక్క ఎలా కుదురుతుందని గట్టివాళ్లు అడుగుతారు. ఉన్రూ 1976లో చూపించినదాని ప్రకారం త్వరణంలో ఉన్నవాడికి శూన్యం కూడా వెచ్చగా ఉంటుంది. 9.8 త్వరణానికి ఆ వేడి 4×10⁻²⁰ కెల్విన్. ఆ వేడి స్నానంలో ఉన్న ఛార్జ్ శక్తి సున్నా అయిన ఫోటాన్లను వదులుతూ, మింగుతూ ఉంటుంది. హిగుచి, మాట్సాస్, సుడార్‌స్కీ 1992లో ఆ రెండు రేట్లనీ కూడి చూశారు. బయటి జడత్వ పరిశీలకుడు లెక్కపెట్టే ఫోటాన్ల రేటుతో అది సరిగ్గా సమానం. ఆ లెక్క చూడాలనుంటే చెప్పు, నా చేతిరాత నోట్సు స్కాన్ చేసి పెడతాను.